బెల్టు సరే, మొదటి గంట ఏం చేస్తున్నారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మలక్‌పేట గంజ్‌లో 11 ఏళ్లుగా హమాలీని. లారీల నుంచి ఉల్లిగడ్డ బస్తాలు దించుతాం. రెండు నెలలుగా నడుం పట్టేస్తోంది, కుడి కాలు పిక్క దాకా గుంజుతోంది. బెల్టు పెట్టుకుంటున్నాను. నెల రోజులు మంచం దిగొద్దని ఇంట్లో అంటున్నారు. మాకు బస్తా లెక్కన కూలి, అది కుదరదు. ఏం చేయాలి మేడమ్?

జవాబు: మంచం అవసరం లేదు తమ్ముడూ. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆగండి, తర్వాత నడుస్తూనే ఉండాలి. కానీ నొప్పి పిక్క దాకా పాకుతోందంటే నరం మీద ఒత్తిడి పడుతుండవచ్చు. ఒకసారి ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి. అప్పటిదాకా నేల మీంచి బస్తా లేపడం మానేసి, జట్టులో అడిగి కాంటా దగ్గర పనిలో ఉండండి.

మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోశాడు. వీపు మీదికి ఎక్కించేవాళ్లు లేనిదే బస్తా ముట్టేవాడు కాదు. పొగరనుకునేవాళ్లు. ఫిజియోథెరపీ చదివాక నాకు లెక్క తెలిసింది. వెన్ను కండరం పట్టు వెన్నెముకకు 5, 6 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. బరువు దానికి ఎన్ని రెట్ల దూరంలో ఉంటే కండరం అన్ని రెట్లు లాగాలి. వంగి, 50 కిలోల బస్తాని ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కండరం 300 కిలోలకు పైగా లాగాలి. మీ ఒంటి బరువు దీనికి అదనం. అదే బస్తా వీపుకి ఆనితే ఆ లాగుడు చాలా తగ్గుతుంది. అందుకే లారీ అంచున, నడుం ఎత్తులో, ఇద్దరు పట్టి మీ వీపు మీదికి ఎక్కించాలి. దించేటప్పుడు నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలు దాటొద్దంటుంది. గంజ్‌లో ఆ మాటంటే నవ్వుతారు, నాకూ తెలుసు.

ఇంకొకటి. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. తెల్లారకముందే లేచి నేరుగా లారీ ఎక్కుతారు కదా, అక్కడే వస్తుంది తంటా. లేచాక కాసేపు నడవండి. వంగి ఎత్తే పని గంట తర్వాతే పెట్టుకోండి.

బెల్టు హాయిగా ఉంటే పెట్టుకోండి. అది నడుం నొప్పి రాకుండా ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. బెల్టుంది కదా అని ఇంకో బస్తా ఎక్కువ మోయకండి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఉస్మానియా ఎమర్జెన్సీకి వెళ్లండి.