మొక్కుకున్నది ఒకటి, జరిగినది ఒకటి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మామగారి కాలం నుంచి ఇక్కడే బట్టల కొట్టు నడుపుకుంటున్నాం. కిందటి దీపావళి ముందు మా వారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఆయన పూర్తిగా కోలుకుంటే కుటుంబమంతా అరసవల్లి వచ్చి తలనీలాలు ఇస్తామని ముడుపు కట్టాను, ఆదివారాలు ఉపవాసం ఉన్నాను. నడక వచ్చింది గాని చెయ్యి రాలేదు, కొట్టు మూతపడింది. నా పూజలో లోపం వల్లే ఇలా జరిగిందని అత్తగారు అంటున్నారు. దీపం పెట్టబోతే కోపం, పెట్టకపోతే భయం. రాత్రిళ్లు నిద్ర లేదు. అరసవల్లి ప్రయాణానికి దాచిన డబ్బు వైద్యానికి వాడవచ్చా?

జవాబు: అమ్మా, చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. వాడవచ్చు. కోలుకున్న తరువాత వస్తామని మొక్కుకున్నారు గనుక మీరు దాటేసిన గడువేదీ లేదు. పసుపు గుడ్డలో కట్టిన రూపాయిని పటం దగ్గర అలాగే ఉంచి, విడిగా దాచిన సొమ్మును ఫిజియోథెరపీకి ఖర్చు పెట్టండి. ఆరోగ్యం కోసం కొలిచే సూర్యనారాయణుడి పేరిట దాచినది ఆరోగ్యానికే వెళ్తోంది. అప్పటికీ మనసు ఒప్పకపోతే ఆలయ అర్చకులను ఒక్కమాట అడగండి.

దేవుడి మీద కోపం వచ్చినందుకు భయపడుతున్నారు. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ని నిలదీశాడు, ఎత్తిపొడిచాడు. అయినా మనం ఆయనను భక్తుడనే అంటున్నాం. ఇన్ని ఆదివారాలు ఉపవాసం ఉంటే ఇంత ఫలితం దక్కాలని మీరు మనసులో వేసుకున్న లెక్క తప్పిందే గాని, ఎవరితో గొడవపడాలో మీకు ఇంకా తెలుసు, అంటే ఆయన ఉన్నాడన్న నమ్మకం మీలో చెక్కుచెదరలేదు. మీ ప్రాంతంలో ఏటా చూసే సంగతే గుర్తు చేసుకోండి. జ్యేష్ఠ పూర్ణిమనాడు స్నానం చేసిన జగన్నాథుడికి జ్వరం వచ్చిందని సుమారు పదిహేను రోజులు దర్శనం ఆపేసి, సేవకులు లోపల ఆయనకు మందులతో ఉపచారాలు చేస్తారు. ఆ అనసర రోజుల్లో స్వామి మనల్ని విడిచిపోయాడని ఎవరూ అనుకోరు, పైగా జబ్బుపడిన దేవుడికి సేవ చేయడమే పూజ అవుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదీ అటువంటి సేవే. దీపం పెట్టాలనిపించిన రోజున పెట్టండి, లేని రోజున మానండి.

అత్తగారి మాట తప్పు, అందులో సందేహం లేదు. కొడుకు చెయ్యి అలా వేలాడుతుంటే చూడలేక, ఏదో ఒక కారణం దొరికితే చాలనుకుంటున్న తల్లి మాట అది. వాదించి గెలిచే విషయం కాదు. ఈసారి బరంపురం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్లి, రక్తపోటు వంటి కారణాల వల్ల మెదడుకు రక్తం అందక ఇలా అవుతుందని వైద్యుడి నోటే వినిపించండి. ఇంటికి వచ్చాక, "అత్తయ్యా, ఆయన ముందు మాత్రం ఆ మాట అనకండి, నడుస్తున్న మనిషి మళ్లీ కుంగిపోతాడు" అని నెమ్మదిగా, కాని స్పష్టంగా చెప్పండి. చేతి వ్యాయామం ఆమెకే అప్పగిస్తే ఇంకా మంచిది. బల్ల మీద తువ్వాలు పరిచి, పడిపోయిన చేతిని దాని మీద ఉంచి, మంచి చేత్తో పట్టించి ముందుకు వెనక్కు జరిపించడం వంటివి ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే ఆమె చేయించగలరు. పనిలో పడిన మనిషికి నింద వేసే తీరిక తగ్గుతుంది.

పక్షవాతం తరువాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ, తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు. రక్తపోటు మాత్రలు ఒక్కరోజు కూడా మానిపించవద్దు, ఆయన చేత ఉపవాసాలు చేయించవద్దు. ఇక మీ నిద్ర సంగతి: ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు. ఈ వారంలోనే చేయండి, ఆయన గురించి కాకుండా మీ గురించి చెప్పండి.