చప్పుడు వినపడకుండా అంకె రాయకండి

ప్రశ్న: జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో బొమ్మ మీద అన్నీ బాగానే చేశాను. ఇప్పుడు మెడికల్ వార్డు పోస్టింగ్. బీపీ చూస్తుంటే స్టెత్‌లో (స్టెతస్కోపులో) ఏమీ వినపడదు, సెలైన్ చుక్కల లెక్క తప్పుతోంది. సిస్టర్‌గారిని అడగాలంటే భయం.
— ఓ విద్యార్థిని, అమలాపురం

జవాబు: బొమ్మ దగ్గదు, చెయ్యి లాక్కోదు, పక్కన బంధువులు నిలబడి "ఎంతుందండీ?" అని అడగరు. మీ తడబాటు అక్కడిదేనమ్మా, చదువు లోపం కాదు.

ముందు స్టెత్ చూసుకోండి. చెవి కొనలు ముక్కు వైపు తిరిగి ఉండాలి. వెనక్కి తిరిగితే సగం చప్పుడు పోతుంది. కఫ్ (చేతికి చుట్టే బీపీ పట్టీ) జాకెట్టు చేతి మీద కట్టకండి. మోచేతి మడతలో లోపలివైపు నాడిని వేళ్లతో పట్టుకుని, దానికి రెండు వేళ్లు పైన కఫ్ అంచు రానివ్వండి. మణికట్టు నాడి చూస్తూ గాలి ఎక్కించండి. నాడి ఆగిన అంకె గుర్తుపెట్టుకుని గాలంతా వదిలేయండి. కాసేపాగి, అంతకంటే 30 ఎక్కువ ఎక్కించి, సెకనుకు 2-3 మి.మీ. చొప్పున దించండి. గబుక్కున దించితే పై అంకె తగ్గి, కింది అంకె పెరిగి కనిపిస్తుంది. కొబ్బరి దింపు చేసేవాళ్ల చేతి దండలు లావుగా ఉంటాయి. వాళ్లకి చిన్న కఫ్ చుడితే లేని బీపీ చూపిస్తుంది.

అయినా వినపడకపోతే "వినపడలేదు సిస్టర్, ఒకసారి చూస్తారా" అనండి. ఊహించి 120/80 రాయడం మాత్రం వద్దు. ఆ అంకె చూసే డాక్టర్‌గారు మందు మారుస్తారు.

ఇక సెలైన్. మి.లీ.కి ఎన్ని చుక్కలో సెట్ (సెలైన్ గొట్టం) ప్యాకెట్ మీదే ఉంటుంది. మామూలు సెట్ చాలావరకు 20, మైక్రో సెట్ 60. 500 మి.లీ. 4 గంటల్లో వెళ్లాలంటే 500×20 = 10,000 చుక్కలు, 240 నిమిషాలు. అంటే నిమిషానికి 42. సెకన్ల ముల్లున్న గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. సీసాకి ప్లాస్టర్ అంటించి గంటకి 125 మి.లీ. చొప్పున గీతలు గీయండి. పేషెంటు చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది. త్వరగా అయిపోతుందని బంధువులు రోలర్ (చుక్కల వేగం మార్చే చక్రం) తిప్పేయడమూ మామూలే. అందుకని మళ్లీ మళ్లీ చూడాలి.

ప్రశ్న: వరి కోతలప్పుడు పాముకాటు కేసులొస్తున్నాయి. 20 నిమిషాల రక్తపరీక్షలో మధ్యలో ట్యూబు ఊపి చూశానని కోప్పడ్డారు. ఎందుకు?
— బి.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: రక్తం గడ్డ కడుతుందో లేదో చూసే పరీక్ష ఇది. ఊపితే కడుతున్న గడ్డ చెదిరిపోతుంది. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. తాజా రక్తం తీసి, టైం రాసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత ఒక్కసారే వంచాలి. గడ్డ కట్టక జారితే రక్తపింజరి జాతి విషమని అనుమానించాలి. ప్లాస్టిక్ ట్యూబైనా, సబ్బు పొడితో కడిగినదైనా మంచి రక్తం కూడా గడ్డ కట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది. గడ్డ కట్టింది కదా అని నిశ్చింతగా ఉండకండి. తాచు, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. రెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా, ఊపిరి ఎలా ఉందో చూస్తూనే ఉండాలి.

ప్రశ్న: వాడిన సూది వేలికి గుచ్చుకుంటే?
— కాకినాడ

జవాబు: పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు, పారే నీళ్లతో కడిగి వెంటనే వార్డు ఇన్‌ఛార్జికి చెప్పండి, దాచకండి. హెచ్.ఐ.వి. నివారణ మందులు అవసరమైతే 2 గంటల్లోపు మొదలవడం మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. కోర్సు 28 రోజులు. సూదికి మూత తిరిగి పెట్టబోయి గుచ్చుకునేవాళ్లు చాలామంది. మూత పెట్టకుండా నేరుగా హబ్ కట్టర్‌లో (సూదిని కత్తిరించే పరికరంలో) కత్తిరించండి. హెపటైటిస్-బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. వార్డులో అడుగుపెట్టకముందే మొదలుపెట్టండి.