చేతులు నొప్పిగా ఉంటే బట్టలు పిండకుండా ఆరేసుకోవడం ఎలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ సత్యనారాయణపురం, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం, నాకు 58 ఏళ్లు. రెండు చేతులకీ బొటనవేలి మొదట్లో ఒకటే నొప్పి, డాక్టర్ గారు కీలు అరిగింది అన్నారు, మందులు వాడుతున్నా. ఉతకడం ఎలాగోలా అయిపోతోంది, టబ్బులో నానబెట్టి కాళ్లతో తొక్కేస్తున్నా. పిండేటప్పుడే ప్రాణం పోతోందండీ. పిండకుండా ఆరేస్తే ఈ వానల్లో రెండ్రోజులైనా ఆరవు, ముక్కిన వాసన. క్లిప్పు కూడా నొక్కలేకపోతున్నా. వాషింగ్ మిషన్ పెట్టుకునే చోటు లేదు. ఏదైనా దారి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు పిండడం ఆపేయండి, ఇవాళ్టి నుంచే. వేళ్లతో గట్టిగా పట్టుకుని మెలి తిప్పుతాం కదా, వేలి కొసన పెట్టే ఆ బలం బొటనవేలి మొదట్లో ఉన్న కీలు దగ్గరకొచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది, అరిగిన కీలు మీద రోజూ అంత బరువు పడుతుంటే మందులు మాత్రం ఏం చేస్తాయి చెప్పండి. క్లిప్పు నొక్కినా పడేది ఆ కీలు మీదే.

మరి నీళ్లెలా పోతాయంటారా, సగం వాటంతటవే పోతాయి. జాడించిన బట్టల్ని చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో వేసి బాత్రూంలో స్టూలు మీద పెట్టి అరగంట వదిలేయండి, ఈలోపు మీ పని మీరు చూసుకోండి. తర్వాత వచ్చి అరచేత్తోనో మోచేత్తోనో పైనుంచి అదిమితే ఇంకొంచెం దిగుతుంది, వేళ్లతో పని లేదు. చీరలు, లుంగీలు అయితే మడతపెట్టి బాత్రూంలో రాడ్డు మీద వేసేస్తే కారాల్సిన నీళ్లు కిందకి కారిపోతాయి, బాల్కనీలోకి ఆ తర్వాతే తీసుకెళ్లండి, కింద పోర్షన్ వాళ్లతో గొడవ కూడా ఉండదు.

చొక్కాలు, జాకెట్లు, లోపలి బట్టలకి ఇంకో పద్ధతి ఉంది. పొడిగా ఉన్న పాత తుండు పరిచి దాని మీద తడి చొక్కా వేసి రెండూ కలిపి చాప చుట్టినట్టు చుట్టండి, కుర్చీలో కూర్చుని ఆ చుట్టని పాదాలతో గట్టిగా అదమండి. తుండు చాలా నీళ్లు పీల్చేస్తుంది, చొక్కా చెమ్మగా మిగులుతుంది అంతే. నిలబడి మాత్రం తొక్కొద్దమ్మా, తడి గచ్చు మీద కాలు జారితే చేతుల సంగతి పక్కనపెట్టి తుంటి సంగతి చూసుకోవాల్సొస్తుంది. ఉతికేటప్పుడు తొక్కుతున్నా అన్నారు, అప్పుడు కూడా కూర్చునే చెయ్యండి.

మిషన్‌కి చోటు లేదన్నారు కదా, ఒట్టి స్పిన్ డ్రైయర్ విడిగా దొరుకుతుంది, సెమీ ఆటోమేటిక్ మిషన్లో పక్కన చిన్న డబ్బా ఉంటుంది చూడండి, అదొక్కటే అన్నమాట, బాత్రూం తలుపు పక్కన మూలన పట్టేస్తుంది. ఆ డబ్బా నిమిషానికి 1000 చుట్లకి పైగా తిరుగుతుంది, చేత్తో ఎంత పిండినా పోని నీళ్లు ఐదు నిమిషాల్లో పోతాయి, ఆ తర్వాత వానాకాలమైనా ఫ్యాన్ కింద మామూలు బట్టలు పూటలో ఆరిపోతాయి. నన్నడిగితే మీలాంటి వాళ్లు డబ్బు పెట్టాల్సిన వస్తువు ఇదొక్కటే. బట్టలు ఒక పక్కకే కాకుండా చుట్టూ సమానంగా సర్దండి, లేకపోతే దడదడా ఊగిపోతుంది, పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకండి, ప్లగ్గుకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఇక ఆరేయడం. మేలో మన విజయవాడ ఎండకి టవల్ ఏంటి బొంత కూడా ఆరిపోతుంది, ఆగస్టు, సెప్టెంబరులో గాలి నిండా అప్పటికే చెమ్మ ఉంటుంది కాబట్టి బట్టలో నీళ్లు బయటకి పోవడానికి చోటుండదు. వానని చెప్పి తలుపులు కిటికీలు అన్నీ మూసి ఫ్యాన్ వేస్తారు చాలామంది, ఆ చెమ్మంతా గదిలోనే తిరుగుతుంది, గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. ఒక కిటికీ అయినా తెరిచి ఉంచండి, టేబుల్ ఫ్యాన్ ఉంటే బట్టల కిందుగా పెట్టి పక్క నుంచి తగిలేలా తిప్పండి, బట్టకీ బట్టకీ నాలుగు వేళ్ల సందు ఉండాలి. వాసన వచ్చేది బట్ట ఎక్కువసేపు తడిగా ఉండి సూక్ష్మజీవులు పెరగడం వల్ల, సబ్బు పొడి ఇంకాస్త ఎక్కువేస్తే పోదు.

క్లిప్పులు మానేసి చొక్కాలూ జాకెట్లూ హ్యాంగర్లకి వేసి తగిలించండి. దండెం ఛాతీ ఎత్తులో ఉండాలి, తలపైన ఉంటే తడి బరువు చేతులతో పైకెత్తాలి. సీలింగ్‌కి తాడు లాగే రాడ్లుంటే వాటిని కిందకి దించే ఉంచండి, ఎత్తే పని మీవారికి అప్పగించండి, ఆయన లుంగీలే కదా సగం. టర్కీ టవళ్లు తీసేసి పల్చటి నూలు తుండ్లు వాడండి, తడిసినా తేలిగ్గా ఉంటాయి, తొందరగా ఆరతాయి. దుప్పట్లు మాత్రం లాండ్రీకి వేసెయ్యండి, ఆ ఖర్చు గురించి మనసులో ఏమీ పెట్టుకోకండి.

ఈసారి డాక్టర్ గారి దగ్గరకెళ్లినప్పుడు బొటనవేలికి స్ప్లింట్, అంటే వేలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ, పనికొస్తుందేమో అడగండి. కీళ్లు వాచినా, పొద్దున లేచాక అరగంటకి మించి వేళ్లు బిగుసుకుపోయి ఉన్నా ఆ మాట కూడా తప్పకుండా చెప్పండి, అది కీళ్లవాతం కావచ్చు, దానికి వైద్యం వేరు.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట అండీ. మా అమ్మ మంగళగిరి నూలు చీరలు గంజి పెట్టి తనే పిండుకుంటుంది, ఎంత చెప్పినా వినదు. ఈమధ్య రాత్రిళ్లు చేతులు తిమ్మిరెక్కి లేచి విదిలించుకుంటోంది. గంజి మానిపించాలా?

జవాబు: గంజి మానక్కర్లేదు బాబూ, పల్చగా పెట్టి పిండకుండా మడతలతోనే రాడ్డు మీద వేసి, కారడం ఆగాక ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నీడలో ఆరేయండి. నన్ను కంగారు పెట్టింది ఆ తిమ్మిరి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తోందంటే మణికట్టులో నరం నొక్కుకుపోతూ ఉండొచ్చు, మెలి తిప్పి పిండే పనితో అది ఎక్కువవుతుంది. ఈ వారంలోనే మీ గుంటూరు పెద్దాసుపత్రి (ప్రభుత్వ జీజీహెచ్)లో ఎముకల డాక్టర్ల దగ్గరకో, మీకు తెలిసిన డాక్టర్ దగ్గరకో తీసుకెళ్లండి, షుగర్, థైరాయిడ్ కూడా పరీక్ష చేయించండి, అవి ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది. మొదట్లో అయితే రాత్రిపూట మణికట్టుకి పట్టీ కట్టుకుంటేనే చాలామందికి తగ్గుతుంది, బాగా ముదిరితే బొటనవేలి కింద కండ కరిగిపోయి చేతిలో వస్తువులు జారిపోతుంటాయి, అప్పుడు ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు.