యాంటీ టీపీఓ 780 వస్తే జబ్బు ముదిరినట్టేనా?

టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 6.1, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) నార్మల్, యాంటీ టీపీఓ మాత్రం 780, గోధుమలు మానేస్తే ఇది దిగుతుందా అని అడిగారు. ఏడేళ్ల కిందట, బెంగళూరులో ఉద్యోగానికి చేరిన కొత్తలో నాకూ ఇలాంటి రిపోర్టే వచ్చింది. నాది 1300 పైమాటే. మారతహళ్లి బస్టాపులో నిలబడి ఫోన్లో ఆ పీడీఎఫ్ తెరిచి, పక్కన నార్మల్ అంటే 34 లోపు అని ఉండటం చూసి, ఇక నా పని అయిపోయిందనుకున్నా. సిల్క్ బోర్డు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నా, సాయంత్రం ట్రాఫిక్‌లో అదెంతసేపో మీకు చెప్పక్కర్లేదు.

టీపీఓ అంటే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేయడానికి వాడుకునే ఎంజైమ్. మన రోగనిరోధక వ్యవస్థ దాన్నే పరాయిదనుకుని దాని మీదికి యాంటీబాడీలను వదులుతుంది, యాంటీ టీపీఓ టెస్టు కొలిచేది వాటినే. కాబట్టి ఆ టెస్టు చెప్పేది కారణం ఒక్కటే, అంటే మీ టీఎస్‌హెచ్ పెరగడం వెనక హషిమోటో, ఇలా రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ని దెబ్బతీసే జబ్బు, ఉండొచ్చని. గ్రంథి ఎంత దెబ్బతిందో, థైరాయిడ్ హార్మోను మాత్ర ఎంత డోసు కావాలో అది చెప్పదు. 780 ఉన్నామె కంటే 200 ఉన్నామెకే హార్మోను బాగా పడిపోయి ఉండొచ్చు. ల్యాబ్ మారితే మెషీను మారుతుంది, దాంతో అంకే మారిపోతుంది. పేరు విని కొత్త రోగమేదో అనుకోకండి, హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లోనే దీని గురించి రాశాడు.

ఇది తెలియక నేను ఆర్నెల్లకోసారి యాంటీబాడీలు చేయించుకున్నా. 900 అయితే పండగ, 1100 అయితే రాత్రంతా టెన్షన్. చపాతీలు, బ్రెడ్డు నాలుగు నెలలు మానేశా, "సంగటి తినమంటే ఇన్నాళ్లూ మూతి తిప్పావు కదే" అని మా అమ్మ అనంతపురం నుంచి ఫోన్లో ఒకటే నవ్వు. అంకెలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పేగులకు పడని జబ్బు) ఉంటే గోధుమ మానాల్సిందే, లేకపోతే మానితే మేలని గట్టి రుజువేమీ లేదు. అయోడిన్ మాత్రలు, సముద్రనాచు పొడులు మాత్రం సొంతంగా మింగకండి, హషిమోటో ఉన్నవాళ్లకు అతి అయోడిన్ చెరుపే చేస్తుంది.

మీరు చూసుకోవాల్సింది టీఎస్‌హెచ్. 6 దగ్గర ఉండి టీ4 బాగుంటే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించమంటారు, 10 దాటితే మామూలుగా మాత్ర మొదలుపెడతారు. మధ్యలో ఉంటే లక్షణాలు, వయసు చూసి డాక్టరే తేలుస్తారు. ఇంగ్లండులో విక్‌హామ్ అనే చోట ఇరవై ఏళ్లు గమనిస్తే, టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి నూటికి సుమారు నలుగురికి థైరాయిడ్ హార్మోను బాగా పడిపోయే స్థితి వచ్చింది. అంటే రేపే ఏదో అయిపోదు, అలాగని వదిలేయనూ కూడదు. పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి ముందే డాక్టరుకు చెప్పండి, అక్కడ లెక్క వేరు.

ఇంకోటి, ఇది నన్ను నిలువునా ముంచింది. 50 మైక్రోగ్రాముల మాత్ర మీద అంతా సాఫీగా ఉండగా ఒకసారి టీఎస్‌హెచ్ 0.08, టీ4 ఎక్కువ అని వచ్చింది. డోసు ఎక్కువైందా, జబ్బే తిరగబడిందా అని హడలిపోయా. డాక్టరమ్మ నాడి పట్టుకుని, చేతులు చాపమని, వణుకేమీ లేకపోయేసరికి రిపోర్టు పక్కన పడేసి, "జుట్టుకేమైనా వాడుతున్నావా?" అంది. బ్యాగులోంచి గమ్మీల డబ్బా తీసి చూపించా. రోజుకొకటి, ఒక్కోదాంట్లో 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ అనే విటమిన్. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో బయోటిన్ టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుందట. అది మానేసి వారం తర్వాత చేయిస్తే టీఎస్‌హెచ్ 3.4. జుట్టు రాలడం ఈ ఊళ్లో అందరి బాధే కదా, మీరూ అలాంటివి వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి.

రేపు మాత్ర రాస్తే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, ఫిల్టర్ కాఫీకి అరగంటైనా, గంటైతే ఇంకా మంచిది, ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం.

రెండోసారి టీఎస్‌హెచ్ ఎంతొచ్చిందో చెప్పండి. యాంటీ టీపీఓ మాత్రం మళ్లీ చేయించకండి, ఆ డబ్బుతో బిర్యానీ తినండి.