కుర్చీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ నొప్పి మాత్రలు ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46, మాది ఖమ్మం. ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను, రోజుకు 9, 10 గంటలు కూర్చునే ఉంటాను. దసరాకు ఇల్లు దులుపుతూ మా తాతగారి టేకు బల్లను పక్క గదిలోకి జరిపాను. అప్పటి నుంచి నడుము పట్టేసింది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది. నెల దాటింది. ఈ మధ్య ఎడమ కాలు తిమ్మిరిగా ఉంటోంది, ఎక్కువసేపు కూర్చోవడం వల్లే అనుకుంటా. బీపీకి మందులు వాడుతున్నాను. నడుముకు ఏ కుర్చీ మంచిది? మా అబ్బాయి గేమింగ్ కుర్చీ కొనమంటున్నాడు. ఆ బల్లనే ఆఫీస్ టేబుల్‌గా వాడుకుందామని ఉంది. పాలిష్ నేనే వేసుకోవచ్చా? వెనకవైపు చెదలు కూడా కనిపిస్తున్నాయి.

జవాబు: మీరు అడిగిందంతా కుర్చీ గురించీ బల్ల గురించీ. నాకు కంగారు పుట్టించింది మాత్రం మధ్యలో మీరు అలా అనేసి వెళ్లిపోయిన రెండు మాటలు. ఒకటి నెల రోజుల మాత్రలు, రెండోది కాలు తిమ్మిరి. బయట ఓపీ నిండుగా ఉంది, అందుకని సూటిగానే రాస్తున్నా.

మాత్రల పేరు మీరు రాయలేదు. నడుము నొప్పి అనగానే కౌంటర్ దగ్గర చేతిలో పెట్టేవి ఎక్కువగా ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటివే, లేదా వాటిలో పారాసెటమాల్ కలిపినవి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ మాత్రలు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి. అమ్ముతారు, మనమూ కొంటాం, అది వేరే కథ. నాలుగు రోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు కానీ వారాల తరబడి మింగితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు, అదుపులో ఉన్న బీపీ కూడా పెరగొచ్చు. పైగా మీరు బీపీ మనిషి. చాలా బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్ లాంటి మందుతో పాటు ఒంట్లో నీరు తీసే మందు కూడా కలిసి ఉంటుంది. వాటి మీద ఈ నొప్పి మాత్ర కూడా పడితే కిడ్నీలకు మరీ ప్రమాదం. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటున్నాను కదా అని నా దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ అంటారు. అది కడుపును కొంత కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. ఇది చదివి బీపీ మాత్ర మానేయకండి బాబూ, మానాల్సింది నొప్పి మాత్ర! ఈ వారంలోనే బీపీ చూపించుకుని, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), యూరిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. మలం తారులా నల్లగా వస్తుంటే వారం దాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక తిమ్మిరి. కూర్చోవడం వల్ల వచ్చేదైతే లేచి నాలుగడుగులు వేస్తే పోవాలి. పిరుదు నుంచి తొడ వెనకగా పాదం దాకా లాగుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ జారి నరం మీద ఒత్తిడి పడుతోందేమో చూడాలి. రెండు పాదాల్లోనూ మేజోళ్లు తొడుక్కున్నట్టు మొద్దుబారితే షుగర్, విటమిన్ బీ12 లోపం వైపు అనుమానించాలి. గోడ పట్టుకుని మడమల మీద పదడుగులు, తర్వాత మునివేళ్ల మీద పదడుగులు నడవండి. ఎడమ కాలు సహకరించకపోతే ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ లేదా న్యూరో డాక్టర్‌కు చూపించండి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రమో మలమో పడిపోవడం, మల మూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం ఇందులో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి పోవాల్సిందే. జ్వరం, బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కు చెప్పండి. అలాగని డిస్క్ అనగానే ఆపరేషన్ అని టెన్షన్ పడొద్దు, ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఎమ్మారై కూడా మీ అంతట మీరు తీయించుకోకండి, అవసరమో కాదో మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ చెప్పాలి. నేను చూడకుండా రాస్తున్నాను, ఇక్కడిది సలహాయే తప్ప వైద్యం కాదు.

కుర్చీ నొప్పి రాకుండా సాయపడుతుంది, వచ్చిన జబ్బును నయం చేయదు. గేమింగ్ కుర్చీ చూడ్డానికి రేసు కారు సీటులా బాగుంటుంది గానీ, చాలావాటికి పక్కల అంచులు ఎత్తుగా ఉండి తొడలను ఇరికిస్తాయి. ఆన్‌లైన్ ఫొటో చూసి కొనకుండా షాపులో పావుగంట కూర్చుని చూడండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, బెల్టు పెట్టుకునే చోట నడుముకు ఆసరా దొరకాలి. ఇవి కుదిరితే బ్రాండ్ ఏదైనా ఒకటే.

తాతగారి బల్ల దాదాపు 30 అంగుళాల ఎత్తు ఉండి ఉంటుంది. మీరు పొట్టివారైతే దాని మీద టైప్ చేస్తే భుజాలు పైకి లేస్తాయి. మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చేదాకా కుర్చీని పెంచి, కాళ్లు వేలాడితే కింద పీట వేసుకోండి. బల్ల కాళ్లు కోయించే పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావు పుస్తకాల మీద పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కోండి. ఎంత ఖరీదైన కుర్చీ అయినా అరగంటకోసారి లేవాల్సిందే.

పాలిష్ మాత్రం మీరు వేయొద్దు. ఉప్పుకాగితంతో గంటల తరబడి వంగి రుద్దడం ఈ నడుముతో కుదరదు. పనివాణ్ని పిలిచినా కిటికీలు తీయించండి, స్పిరిట్, థిన్నర్ వాసన తలనొప్పి తెప్పిస్తుంది, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే ఇంకా కష్టం, దగ్గర్లో మంట అసలే ఉండకూడదు. రోజూ అయితే పొడి గుడ్డ చాలు. టేకు చేవకు చెదలు అంత తొందరగా పట్టవు, వెనక కొట్టిన వేరే చెక్కకు పట్టి ఉంటాయి, అది మార్పించి బల్లను గోడకు కాస్త ఎడంగా పెట్టించండి. కిరోసిన్ పోయొద్దు. మందు కొట్టిస్తే అది పూర్తిగా ఆరేదాకా ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. బల్ల మళ్లీ జరపాల్సి వస్తే ముందు సొరుగులు తీసేసి ఇద్దరు పట్టుకోవాలి, ఆ ఇద్దరిలో మీరు మాత్రం ఉండొద్దు.