తర్వాత తనను తిట్టినవాడికి సాయం చేసిన మయర్‌బీర్

ప్రశ్న: పాశ్చాత్య సంగీతం ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. యూదులకు సొంత సంగీతం చేతకాదంటూ జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఒక వ్యాసం రాశాడని చదివాను. అది ఎవరి మీద రాశాడు? అందులో నిజముందా? – ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: నిజం లేదండీ, ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. 1850లో లైప్‌జిగ్‌లోని ఒక సంగీత పత్రికలో ఆ వ్యాసం మారుపేరుతో వచ్చింది. యూదు కుటుంబంలో పుట్టిన సంగీతకర్త మెండెల్‌సన్ పేరు అందులో నేరుగానే ఉంది, అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్లు కావస్తోంది. ఇంకో ఆయన్ని మాత్రం పేరెత్తకుండానే తిట్టాడు. అది మరో యూదు సంగీతకర్త జాకోమో మయర్‌బీర్ అని అప్పటివాళ్లు ఇట్టే పోల్చుకున్నారు.

మయర్‌బీర్ 1791లో బెర్లిన్ దగ్గర పుట్టాడు. వాళ్ల నాన్నగారికి చక్కెర వ్యాపారం, బాగా కలిగిన కుటుంబం. తాతగారు పోయినప్పుడు, ఆయన పాటించిన యూదు మతంలోనే చివరిదాకా ఉంటానని అమ్మకు ఉత్తరం రాశాడు, ఆ మాట తప్పలేదు. ఆ రోజుల్లో ఇదేం చిన్న విషయం కాదు, మెండెల్‌సన్‌కి ఏడేళ్లప్పుడే ఇంట్లోవాళ్లు బాప్తిస్మం ఇప్పించారు, కవి హైనె 1825లో తనే తీసుకున్నాడు.

ఇటలీలో పేరు తెచ్చుకుని పారిస్ వెళ్లాడు. అక్కడ రెండు ఆపెరాలు (పాటలతో నడిచే నాటకాలు) వచ్చాయి: 1831లో 'రాబర్ ల్ దియాబ్ల్', 1836లో 'లే యుగెనో'. ఈ రెండో ఆపెరా పారిస్‌లో ఎంతగా ఆడిందంటే 1906లో అక్కడే వెయ్యో ప్రదర్శన జరిగింది! 1842లో ప్రష్యా రాజు ఆయన్ని బెర్లిన్‌లో ప్రధాన సంగీత దర్శకుడిగా వేసుకున్నాడు.

నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఏమిటంటే, 1839లో చేతిలో డబ్బుల్లేకుండా పారిస్ వచ్చిన వాగ్నర్‌కి సిఫారసు ఉత్తరాలు రాసిచ్చింది మయర్‌బీరే, వాగ్నర్ ఆపెరా 'రియెంజీ'ని డ్రెస్డెన్‌లో తీసుకోమని అక్కడివాళ్లకు రాసిందీ ఆయనే. అప్పుడు వినయంగా ఉత్తరాలు రాసిన మనిషే తర్వాత ఆయన సంగీతమంతా 'కారణం లేని ఎఫెక్ట్' అని కొట్టిపారేశాడు, 1869లో అయితే పాత వ్యాసాన్ని సొంత పేరుతో మళ్లీ అచ్చు వేయించాడు. మయర్‌బీర్ బహిరంగంగా ఒక్క జవాబూ ఇవ్వలేదు. 1864లో పారిస్‌లో చనిపోయాడు. 1933 తర్వాత నాజీలు ఆయన ఆపెరాలను జర్మనీలో ఆడనివ్వలేదు.

పత్రికలవాళ్లను మంచి చేసుకునేవాడని ఒక విమర్శ ఉంది, నిజమే, కానీ విమర్శకులంటే అప్పుడు ఎవరికి టెన్షన్ లేదు? దానికి పుట్టుకతో ఏం పని?

మీరే విని చూడండి. ఆయన చివరి ఆపెరా 'లాఫ్రికేన్'లో వాస్కో డ గామా కథానాయకుడు, పూజారులు బ్రహ్మ, విష్ణు, శివుల మీద ప్రమాణం చేసే ఘట్టం కూడా ఉంది. కానీ మొదట 'లే యుగెనో' నాలుగో అంకం వినండి. 1572లో పారిస్‌లో క్యాథలిక్కులు ప్రొటెస్టెంట్లను ఊచకోత కోసిన రాత్రి అది. ప్రొటెస్టెంట్ అయిన కథానాయకుణ్ణి, అతను ప్రేమించిన అమ్మాయి వెళ్లొద్దని పట్టుకుంటుంది, బయట చర్చి గంట మోగుతుంది, తనవాళ్లు చచ్చిపోతున్నారని అతనికి తెలుసు. ఆ యుగళగీతంలోని ఒక స్వరధారను వాగ్నర్ కూడా, అదే 'ఎఫెక్ట్' మాట రాసిన పుస్తకంలోనే, మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.