సబ్జెక్టుకు తగ్గ వెర్బు, క్యాపిటల్ లెటర్లు: ఎలా ప్రాక్టీస్ చేయాలి?

డిగ్రీ చదువుతున్నాను, గ్రామర్ రూల్స్ అడిగితే చెప్పగలను, సొంతంగా పేరా రాస్తే మాత్రం సబ్జెక్టుకూ వెర్బుకూ పొత్తు కుదరట్లేదు, క్యాపిటల్ లెటర్లు ఎక్కడపడితే అక్కడ పడుతున్నాయి, ఎలా ప్రాక్టీస్ చేయాలి అని మీరు అడిగారు. నేను కావలిలో సాయంత్రాలు ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాను. పిల్లల నోట్సుల్లో రోజూ చూసేది ఇదే.

కర్తను బట్టి క్రియ మారడం మనకు కొత్తేం కాదు. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, వాళ్ళు వచ్చారు అంటూ పుట్టినప్పటి నుంచీ మారుస్తూనే ఉన్నాం. ఈ విషయంలో ఇంగ్లీషే సులువు. చిక్కంతా తెలుగు లెక్క, ఇంగ్లీషు లెక్క వేరయ్యే చోటే.

రొయ్యల చెరువులున్న ఇంటి అమ్మాయి ఒకసారి ఇలా రాసింది: "మై ఫాదర్ హావ్ టూ పాండ్స్. ది వాటర్ ఆర్ సాల్టీ. ఎవ్రీబడీ ఆర్ అఫ్రెయిడ్ ఆఫ్ ది వైరస్." మూడు తప్పులూ తెలుగులోంచి వచ్చినవే. నాన్న "వచ్చారు" అని మర్యాదగా బహువచనం వాడతాం. ఇంగ్లీషులో నాన్నయినా కలెక్టరైనా మనిషి ఒక్కరే, "హాజ్" అనాల్సిందే. నీళ్ళు, పాలు, బియ్యం మనకు "ఉన్నాయి", ఇంగ్లీషులో అవన్నీ "ఈజ్". ప్రతి ఒక్కరూ "భయపడుతున్నారు" అంటాం కానీ ఎవ్రీబడీ పక్కన "ఈజ్" రావాలి. దీనికి తిరగేసి, కత్తెర, ప్యాంటు మనకు ఒకటే, సిజర్స్, ప్యాంట్స్ మాత్రం "ఆర్". మీ పాత నోట్సు తిరగేసి ఇలాంటివి ఏరుకోండి. నాకు తెలిసి ఒక పేజీ దాటవు. ఆ పేజీ ఒక్కటీ గట్టిగా పట్టుకుంటే చాలు, లావుపాటి గ్రామర్ పుస్తకం అక్కర్లేదు.

పొడుగు వాక్యాల్లో ఇంకో బెడద ఉంది. "ది బాస్కెట్ ఆఫ్ ప్రాన్స్ ఆర్ ఫుల్" అని రాసేస్తారు, వెర్బు పక్కన ప్రాన్స్ కనబడుతుంది కాబట్టి. "ఆఫ్" ఉన్న వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి: రొయ్యల బుట్ట నిండింది. మనకు అసలు కర్త వెర్బు పక్కకే వస్తుంది, నిండింది బుట్టేనని ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి "ఈజ్". "నా ఫ్రెండ్స్‌లో ఒకడు నెల్లూరులో ఉన్నాడు" కూడా అంతే. ఉన్నది ఒకడే, "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్".

ఇక ప్రాక్టీస్. పొద్దున లేచింది మొదలు మీరు చేసే పనులు "ఐ"తో ఒక పేరా రాయండి. అదే పేరా మీ అమ్మ గురించి, ఆ తర్వాత అమ్మానాన్నలిద్దరి గురించి తిరగరాయండి. అమ్మ పేరాలో గెట్ "గెట్స్" అవుతుంది, వాష్ "వాషెస్" అవుతుంది. బయటికే చదవండి, చివరి "ఎస్" మింగకుండా. మాట్లాడేటప్పుడు మింగేవాళ్ళే రాసేటప్పుడూ వదిలేస్తారు. "డజ్", "డిడ్", "కెన్", "విల్" వచ్చాక మాత్రం ఆ "ఎస్" ఉండదు.

క్యాపిటల్స్ సంగతి వేరు. మన లిపిలో చిన్న, పెద్ద అక్షరాలు లేవు కాబట్టి కన్నుకు ఆ అలవాటే లేదు. అందుకే దాన్ని విడిగా దిద్దుకోవాలి. మొదటిసారి వెర్బులు మాత్రమే చూడండి, రెండోసారి క్యాపిటల్స్ మాత్రమే. రెండూ ఒకేసారి చూస్తే రెండూ జారిపోతాయి.

సొంత పేరుకు క్యాపిటల్ అని అందరికీ తెలుసు. తడబడేది దాని చుట్టూ ఉన్న మాటల దగ్గర. "పెన్నా రివర్"లో రెండు మాటలకూ క్యాపిటల్, ఉత్త "రివర్" అయితే చిన్న అక్షరమే. రొట్టెల పండుగ పేరుకు క్యాపిటల్స్, "ఫెస్టివల్" అని ఊరికే అంటే అక్కర్లేదు. వారాలు, నెలలకు క్యాపిటల్ ఉంది, మనల్ని మాడ్చే "సమ్మర్"కు లేదు. తెలుగు, ఇంగ్లీష్ భాషలు కాబట్టి క్యాపిటల్, "మ్యాథమెటిక్స్"కు అవసరం లేదు. "మై ఫాదర్" అంటే చిన్న "ఎఫ్". "నేను" అనే "ఐ" ఎక్కడున్నా పెద్దదే.

ఫోనులో రాస్తే వాక్యం మొదట్లో కీబోర్డే క్యాపిటల్ పెట్టేస్తుంది, మీకేం రాదు. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటో క్యాపిటలైజేషన్ ఆపేయండి. లేదా ఇంగ్లీష్ పేపర్లో ఒక చిన్న వార్తను అన్నీ చిన్న అక్షరాలతో నోట్సులో ఎక్కించుకుని, మర్నాడు పేపరు చూడకుండా క్యాపిటల్స్ పెట్టి, అప్పుడు పోల్చుకోండి. హెడ్డింగ్ జోలికి మాత్రం పోవద్దు, దాని పద్ధతి ఒక్కో పేపర్‌కు ఒక్కోలా ఉంటుంది.